తొమ్మిదింటి బ్యాచ్

ఇలా దగ్గరికి జరగండమ్మా, పొగ అటు పోతోంది. ఈ చెక్కలు పొద్దున సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు తెచ్చి పడేశాడు, సెట్టు పీకేశారట. రంగు వేసినవి మాత్రం మంటలో పెట్టకండి, కళ్లు మండుతాయి.

ఇందాక అన్నం తింటూ ఏదో అడిగావు కదూ. కాలేజీలో మా సెక్షన్‌లో సగం మందిమి అమ్మాయిలమే, ఆఫీసులో మా వరుసలోనూ అంతే, పెద్దవాళ్ల మీటింగుకి పిలిస్తే మాత్రం ఒకళ్లో ఇద్దరో కనిపిస్తారు, మిగతావాళ్లంతా ఏమైపోయారు అమ్మమ్మా అని. ఏమైపోయారో నాకు తెలుసు తల్లీ. వాళ్లలో చాలామంది మన హాస్టల్ మెట్ల మీదుగానే దిగి వెళ్లారు. అప్పట్లో నన్ను ఆంటీ అనేవాళ్లు. చెప్తాను గానీ, మద్రాసు నుంచి మొదలుపెట్టాలి.

మాది తెనాలి. పెళ్లవగానే మద్రాసులో కాపురం. మీ తాతగారు కోడంబాక్కంలో ఎడిటింగ్ అసిస్టెంటు. సినిమా డబ్బులు ఎప్పుడొస్తాయో, అసలు వస్తాయో రావో తెలియదు కనుక నేను టైపు లోయరూ హయ్యరూ పాసై, 1970ల్లో ఒక ఆఫీసులో పంచ్ ఆపరేటరుగా చేరాను. మీలో ఎవరూ పంచ్ కార్డు చూసి ఉండరు. పోస్టుకార్డు కంటే పొడుగ్గా ఉంటుంది, ఒక మూల కత్తిరించి ఉంటుంది. దాని మీద 80 నిలువు వరుసలు. వరుసకి ఒక అక్షరం. మీట నొక్కితే కార్డుకి చిల్లు పడుతుంది. నేను కొట్టిన కట్ట పక్క సీటు అమ్మాయికి పోతుంది. ఆ అమ్మాయి అదే కాగితం చూసి అంతా మళ్లీ కొడుతుంది, వెరిఫైయర్ అనే మిషను మీద. ఎక్కడైనా తేడా వస్తే ఆ వరుస నెత్తిన గాటు పడుతుంది. అన్నీ సరిపోతే కార్డు కుడి అంచున గాటు. కట్టంతా సర్ది పట్టుకుని పక్క నుంచి చూస్తే ఆ కుడి గాట్లన్నీ తెగకుండా ఒకే గాడిలా కనిపించాలి. అలా కనిపించిన రోజు ఇంటికెళ్లి వంట చేస్తున్నా నాకు ఆ గాడే కళ్లలో మెదిలేది.

ఆ హాల్లో ఉన్నదంతా ఆడవాళ్లం. అద్దం గోడకి అవతల కంప్యూటర్ గది. ఊళ్లో ఏసీ అంటే ఏమిటో తెలియని రోజుల్లో దానికి ఏసీ. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. అక్కడంతా మగవాళ్లు. ప్రోగ్రామర్లు గళ్ల కాగితాల మీద పెన్సిలుతో రాసి మాకు పంపేవాళ్లు, మేం కార్డులు కొట్టి వెనక్కి పంపేవాళ్లం. ప్రతి ప్రోగ్రాము మొదట్లో ఒకే మాట ఉండేది, ఐడెంటిఫికేషన్ డివిజన్ అని. చివర ఒక చుక్క. అది కోబాల్ అనే భాష అనీ, ఆ చుక్క లేకపోతే మిషను మొరాయిస్తుందనీ నాకు నా పక్క సీటు నెల్లూరు అమ్మాయి చెప్పింది. ఆ పిల్ల ఉత్తినే కొట్టుకుంటూ పోయేది కాదు, చదివేది. కాగితంలో చుక్క మర్చిపోయినచోట చిన్న పెన్సిలు గుర్తు పెట్టి పంపేది. కొన్నాళ్లకి అవతలి గదివాళ్లు తమ కాగితాలు ఏరికోరి ఆమె బల్ల మీదే పెట్టడం మొదలెట్టారు.

ఒకసారి ఆఫీసులోవాళ్లలోంచే ప్రోగ్రామర్ ట్రైనీలని తీసుకుంటామని నోటీసు పెట్టారు. ఆ పిల్ల దరఖాస్తు ఇచ్చింది. పిలిచి కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పారట. అమ్మా, పగలంతా మిషను బిల్లుల పనికి సరిపోతుంది, కొత్త ప్రోగ్రాములు ఆడించి చూసుకోవడానికి రాత్రిళ్లే టైము దొరుకుతుంది, పెళ్లి కావలసిన పిల్లవి రాత్రి రెండింటికి ఇక్కడ ఎలా ఉంటావు అని. తెలివి లేదని ఎవరూ అనలేదు. చదువు చాలదనీ అనలేదు. రాత్రి అన్నారు, అంతే. ఆ సంవత్సరమే ఆమెకి పెళ్లయి వెళ్లిపోయింది. ఆమె పెన్సిలు గుర్తులు పెట్టిన కాగితాలు రాసినవాళ్లలో ఒకాయన తర్వాత పెద్ద మేనేజరయ్యాడు.

ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మేం కొట్టిన ఆ కోబాల్‌కి పునాది వేసింది గ్రేస్ హాపర్ అనే అమెరికా ఆవిడ. ఆమె చేసిన ఫ్లోమాటిక్ అనే భాష మీదే కోబాల్‌ని కట్టారు. ఆ హాల్లో అంతమంది ఆడవాళ్లం రోజుకి వేల కార్డులు కొడుతుంటే, ఇది మీలాంటి ఒక ఆడమనిషి బుర్రలోంచి వచ్చిందమ్మా అని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. నాకది ఎప్పుడో, ఈ ఇంట్లో ఉన్న ఒక పిల్ల చెప్తే తెలిసింది. ఆ పిల్లే ఇంకొకటి కూడా చెప్పింది. 1946లో అమెరికాలో ఎనియాక్ అని ఒక పెద్ద కంప్యూటర్‌ని లోకానికి చూపించారట, పద్దెనిమిది వేల దాకా వాల్వులు, గదంతా అదే. దానికి లెక్కలు ఎలా చెయ్యాలో తీగలు మార్చి మార్చి నేర్పించింది ఆరుగురు అమ్మాయిలు. ఆ ప్రదర్శనకి పనంతా చేసినవాళ్ల పేర్లు ఎక్కడా చెప్పలేదు. వాళ్లకి నలుగురిలో గౌరవం దక్కేసరికి 1990లు వచ్చాయి, అందరూ ముసలివాళ్లయ్యారు.

అంత దూరం దేనికి? మా మద్రాసులోనే, గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో మన తెలుగావిడ చదివింది. అయ్యలసోమయాజుల లలిత గారు. 1919లో పుట్టారు. పదిహేనేళ్లకి పెళ్లి, పద్దెనిమిదేళ్లకి చేతిలో నెలల పాప, అప్పుడే భర్త పోయాడు. ఆ కాలంలో ఆ వయసు వితంతువు బతుకు ఎలా ఉండేదో మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు ఆ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. కూతుర్ని తీసుకెళ్లి చేర్పించారు. హాస్టల్లో ఒక్కతే ఆడపిల్ల. తోడు కోసం ఇంకా అమ్మాయిలు చేరవచ్చని ప్రకటన ఇప్పిస్తే లీలా జార్జ్, త్రేసియా అని ఇద్దరు వచ్చి సివిల్‌లో చేరారు. లలిత గారు ఎలక్ట్రికల్ ఇంజినీరై కలకత్తాలో పెద్ద కంపెనీలో పనిచేశారు, భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో ఉన్నారు, 1964లో న్యూయార్క్‌లో ప్రపంచంలోని మహిళా ఇంజినీర్ల మొదటి సభకి వెళ్లారు. నేను బస్సులో ఆ కాలేజీ ముందు నుంచి ఎన్నిసార్లు పోయుంటానో. ఈమె కథ ఆ రోజుల్లో మా పంచ్ హాల్లో తెలిసుంటే నెల్లూరు పిల్ల ఇంకొక్క మాట గట్టిగా అడిగి ఉండేదేమో. తండ్రి వెంట నిలబడ్డాడు, కాలేజీ తలుపు తెరిచింది, పాపని చూసుకోవడానికి ఇంట్లో మనుషులున్నారు. ఈ మూడూ ఒకేసారి కుదిరితే లలిత గారయ్యారు. కుదరనివాళ్లు ఎంతమందో.

సరే, మేం హైదరాబాదు వచ్చాం. నాగేశ్వరరావు గారు 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచాక పరిశ్రమ మెల్లమెల్లగా ఇటు కదిలింది. వెనకాలే మాలాంటి వాళ్లం. జూబ్లీహిల్స్ రాళ్ల మీద పెద్దవాళ్లు ఇళ్లు కట్టుకుంటే, పనిచేసేవాళ్లం ఈ కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లో గదులు తీసుకున్నాం. తెల్లారకుండానే ఇక్కడ రోడ్డు మీద జనం. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, డ్యాన్సర్లు, వ్యానుల కోసం నిలబడేవాళ్లు. మొదట్నించీ నేను గమనిస్తూనే ఉన్నాను. సినిమాకి 24 క్రాఫ్టులంటారు కదా. వ్యాను ఎక్కే ఆడవాళ్లు ఏ పనికి వెళ్తున్నారో చూడండి. హెయిర్ డ్రెస్సరు, జూనియర్ ఆర్టిస్టు, డ్యాన్సరు, ఊడ్చి నీళ్లు పోసే పని. కెమెరా వెనక, ఎడిటింగ్ టేబుల్ ముందు ఎంతమంది? భానుమతి గారు 1953లోనే చండీరాణి డైరెక్ట్ చేశారు, సావిత్రి గారు 1968లో చిన్నారి పాపలు తీశారు, విజయనిర్మల గారు నలభైకి పైగా సినిమాలు తీసి గిన్నిస్ బుక్కుకెక్కారు. అంత పెద్ద తారలైతే తప్ప ఆ కుర్చీ దొరకలేదు. బొంబాయిలో ఇంకా ఘోరం, ఆడవాళ్లు జుట్టు దువ్వచ్చు గానీ ముఖానికి మేకప్ వెయ్యకూడదని యూనియన్ రూలు! చారు ఖురానా అనే ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2014లో గానీ ఆ రూలు పోలేదు. డబ్బూ పేరూ ఉన్న పని పక్కన ఎప్పుడూ ఒక గీత ఉంటుంది. మా పంచ్ హాల్లో అద్దం గోడ ఉన్నట్టు.

ఇప్పుడు మీ సంగతికి వస్తున్నా.

1997లో ఇక్కడికి దగ్గర్లోనే షేక్‌పేటలో నారాయణమ్మ కాలేజీ పెట్టారు, అమ్మాయిలకే ఇంజినీరింగ్ కాలేజీ. మరుసటి ఏడు గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఆ ఏడే నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని వాజపేయి గారు వచ్చి ప్రారంభించారు. ఎంసెట్ సీట్లలో మూడో వంతు అమ్మాయిలకని రూలు కూడా ఉంది. తండ్రులు ధైర్యం చేశారు. ఎందుకు చేశారో చెప్పనా? సివిల్ అయితే ఎండలో సైటు మీద నిలబడాలి, మెకానికల్ అయితే ఫ్యాక్టరీ, కంప్యూటర్ అయితే చల్లగా గదిలో కూర్చునే పని, ఆడపిల్లకి క్షేమం అని. క్షేమం అనే మాటే మిమ్మల్ని ఈ చదువులోకి తెచ్చింది. తర్వాత ఎంతోమందిని వెనక్కి లాగింది కూడా ఆ మాటే.

అప్పుడు అమీర్‌పేట కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లతో నిండిపోయింది. మైత్రీవనం చుట్టూ గోడ కనపడకుండా బోర్డులు. జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్స్. 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని అమెరికాలో గోల, పాత కోబాల్ ప్రోగ్రాములు సరిచేసేవాళ్లు కావాలని పిలుపు. మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉంటే మొదటిసారి నలుగురు అమ్మాయిలకి ఇచ్చాను. ఖమ్మం నుంచి ఒకరు, జగిత్యాల నుంచి ఒకరు, కడప వాళ్లు ఇద్దరు. ఒకరోజు ఖమ్మం పిల్ల మంచం మీద నోట్సు తెరిచి పెట్టి ఉంది. మొదటి లైను చూశాను. ఐడెంటిఫికేషన్ డివిజన్, చుక్క. నాకు ఒళ్లు జలదరించింది. ఆ చుక్క మర్చిపోకమ్మా అన్నాను. మీకెలా తెలుసు ఆంటీ అని ఆ పిల్ల నోరు తెరిచింది. ఆ రాత్రి నేను ఆమెకి పంచ్ కార్డుల కథ చెప్పాను, ఆమె నాకు గ్రేస్ హాపర్ కథ చెప్పింది.

ఆ రోజుల్లో ఎవరికీ సొంత కంప్యూటర్ లేదు. పాఠం ఒక గంట వింటే సరిపోదు, ఇన్‌స్టిట్యూట్‌లో సిస్టం ముందు కూర్చుని చేతులతో చెయ్యాలి. పగలు ఒక్కో సిస్టం మీద ముగ్గురు నలుగురు పడేవాళ్లు, గంటలో నీ వంతు పావుగంట. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా సిస్టంలు ఖాళీ, అప్పుడు వెళ్తే మనిషికొకటి. వెళ్లేదెవరు? అబ్బాయిలు. మన పిల్లలకి గేటు టైము ఏడున్నర. అది నేను పెట్టింది కూడా కాదు, పిల్లని దింపేటప్పుడు ప్రతి తండ్రీ మొదట అడిగేది అదే, గేటు ఎన్నింటికి వేస్తారండీ అని. మూడు నెలలు గడిచేసరికి అబ్బాయిలు టకటకా చేసేస్తుంటే అమ్మాయిలు నోట్సు బట్టీ పెడుతున్నారు. ఇంటర్వ్యూలో కీబోర్డు ఇచ్చి చెయ్యమంటే వేళ్లు తడబడ్డాయని కడప పిల్ల వచ్చి ఏడ్చింది. దాన్ని చూసి అక్కడివాళ్లు ఏమనుకుని ఉంటారు? ఆడపిల్లలకి థియరీయే వస్తుంది, ప్రాక్టికల్ రాదు అని. రాకపోవడానికి కారణం మా గేటుకి వేసిన తాళం అని వాళ్లకెలా తెలుస్తుంది?

నెల్లూరు పిల్ల గుర్తొచ్చింది నాకు. పాతికేళ్ల తర్వాత మళ్లీ అదే రాత్రి.

మీ తాతగారితో మాట్లాడాను. అప్పటికి ఎడిటింగ్ కూడా కంప్యూటర్ మీదకి వచ్చేసింది, ఫిలిం కోసి అతికించే చేతులకి పని తగ్గి ఆయన సాయంత్రాలు ఇంట్లోనే ఉంటున్నారు. సరే నేను వెంట వెళ్తాను అన్నారు. నలుగురి తండ్రులకీ ఎస్టీడీ బూతు నుంచి ఫోన్లు చేశాను. జగిత్యాల ఆయన ససేమిరా అన్నాడు. మీ అమ్మాయి ఫీజుకి మీరు ఎకరం అమ్మారని చెప్పింది, ఆ ఎకరం రోజుకి పావుగంట సిస్టం కోసమా, రెండు గంటల కోసమా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మీ ఆయన తీస్కవోయి తీస్కస్తడా అమ్మా అన్నాడు. ఆ మర్నాడు నుంచి రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం తిని నలుగురూ, వెనకాల ఆయన టార్చిలైటుతో, యూసుఫ్‌గూడ మీదుగా సారథి స్టూడియో పక్క నుంచి నడిచి వెళ్లేవాళ్లు. పదకొండు దాకా ఆయన కింద టీకొట్టు బల్ల మీద కూర్చునేవారు. చలికాలం మంకీ క్యాపు పెట్టుకుని వెళ్లేవారు. తొమ్మిదింటి బ్యాచ్‌లో అమ్మాయిలు కూర్చోవడం చూసి వేరే హాస్టళ్ల పిల్లలూ కలిశారు. మా నలుగురిలో ముగ్గురికి ఏడాది తిరక్కుండా ఉద్యోగాలొచ్చాయి. కడప పిల్ల ఆ ముగ్గురిలో ఒకతి.

ఇంతటితో కథ అయిపోతే బాగుండేది. ఖమ్మం పిల్ల సంగతి వినండి. అందరిలోకీ చురుకు. మాదాపూర్‌లో చేరిన రెండేళ్లకి అమెరికా సంబంధం వచ్చింది. కుర్రాడు హెచ్1 వీసా మీద ఉన్నాడు, మంచివాడే. ఆమె హెచ్4 మీద వెళ్లింది. అప్పట్లో హెచ్4 అంటే భార్యగా ఉండొచ్చు, ఉద్యోగం చెయ్యకూడదు. మన తెలుగు ఊళ్ల నుంచి ఇంజినీరింగ్ చదివిన ఆడపిల్లలు ఎంతమంది అలా వెళ్లి అక్కడ అపార్ట్‌మెంట్లలో కూర్చున్నారో! ఇంట్లో ఇద్దరిదీ ఒకే చదువు. ఒకరు పొద్దున లాప్‌టాప్ తీసుకుని బయటికెళ్తారు, ఒకరు తలుపేసుకుంటారు. ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా, ఆంటీ, ఆయన డిన్నర్ దగ్గర ఆఫీసు సమస్య చెప్తే నాకు జవాబు తడుతుంది, ఇంకొన్నాళ్లకి అదీ తట్టదేమో అని భయమేస్తోంది అనేది. 2015 మే నెలలో గానీ గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవాళ్ల భార్యలు పని చేసుకోవచ్చని రూలు రాలేదు. అప్పటికి ఈమెకి పదేళ్ల పైన గ్యాపు.

ఇక్కడే ఉండిపోయినవాళ్లది ఇంకో దారి. అమెరికా వాళ్లతో కాల్ అంటే మనకి రాత్రి. రిలీజ్ అంటే రాత్రి. ఆ రాత్రిళ్లు నిలబడినవాళ్లకే పెద్ద పనులు అప్పగిస్తారు, ప్రమోషన్లూ వాళ్లకే. చంటిపిల్ల ఉన్నావిడ ఆరింటికి క్యాబ్ ఎక్కితే ఆవిడకి శ్రద్ధ తగ్గిందంటారు. అదే ఇంట్లో మొగుడు పదింటి దాకా ఆఫీసులో కూర్చుంటే కష్టజీవి అంటారు. డెవలప్‌మెంట్‌లో చేరినవాళ్లు టెస్టింగ్‌కి, అక్కణ్నుంచి డాక్యుమెంట్లకి, అక్కణ్నుంచి ఇంటికి మారడం నేను కళ్లారా చూశాను. టెస్టింగ్ తక్కువ పని అనడం లేదు నేను. మేం వెరిఫైయర్ మీద చేసిందీ అదే. తప్పు పట్టేవాళ్లకి పేరెందుకు రాదనేదే నా బాధ. 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు, యాభై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ఆఫీసులో పిల్లల్ని చూసుకునే గది ఉండాలన్నారు. మంచి చట్టం. కానీ సెలవంతా తల్లికే ఇచ్చి తండ్రికి ఏమీ ఇవ్వకపోతే, ఉద్యోగం ఇచ్చేవాడు ఎవరిని చూసి వెనకాడతాడు?

అమెరికాలో ఆడపిల్లలు తలుపు దగ్గరే ఆగిపోయారట. అక్కడ 1984లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవాళ్లలో నూటికి 37 మంది ఆడవాళ్లు. ఇళ్లలోకి చిన్న కంప్యూటర్లు వచ్చాక అవి మగపిల్లల ఆటవస్తువులయ్యాయి. వాళ్లు ముందే నేర్చుకుని కాలేజీకి వచ్చేసరికి, కొత్తగా మొదలెట్టిన ఆడపిల్లలు తమకి చేతకాదనుకుని వెనక్కి తగ్గారు. ఆ లెక్క సగానికి పడిపోయింది. మా గేటు తాళం ఏం చేసిందో అక్కడ ఆ ఆటవస్తువు అదే చేసింది. మన దగ్గర తలుపు దగ్గర అంత ఇబ్బంది లేదు, ఐటీ ఉద్యోగుల్లో మూడో వంతుకి పైగా ఆడవాళ్లే. అయినా ఐఐటీల్లో చూడండి, 2018లో అమ్మాయిలకని అదనపు సీట్లు పెట్టేదాకా పది మందిలో ఒకరు ఉంటే గొప్ప. కోచింగ్‌కి లక్షలు పోసి కొడుకుని పంపే ఇళ్లు కూతురి దగ్గరికొచ్చేసరికి ఊళ్లో కాలేజీ చాల్లే అంటాయి. మన విజయవాడ అమ్మాయి పద్మశ్రీ వారియర్ ఐఐటీ ఢిల్లీ దాకా వెళ్లింది, మోటరోలాకీ తర్వాత సిస్కోకీ టెక్నాలజీ పెద్దగా కూర్చుంది. ఆమె ఫోటో పేపర్లో వస్తే కత్తిరించి మేడమెట్ల దగ్గర అంటించాను.

సరే, చలి పెరుగుతోంది, అసలు సంగతి చెప్పేస్తాను. ఖమ్మం పిల్ల వచ్చేస్తోంది. పిల్ల అంటున్నాను గానీ నలభై దాటింది. పిల్లాడికి తొమ్మిదేళ్లు. భర్త ఆర్నెల్ల తర్వాత వస్తాడట. ఈలోగా మళ్లీ నేర్చుకుని ఇక్కడే ఉద్యోగంలో చేరాలని పట్టుదలగా ఉంది. గ్యాప్ తర్వాత వచ్చేవాళ్లకి కొన్ని కంపెనీలు విడిగా ఇంటర్వ్యూలు పెడుతున్నాయట, రెండింటికి అప్లై చేసింది. కింది గదికి సున్నం వేయించాను. ఎల్లుండి ఉదయం దిగుతుంది.

మీకు పనులు పంచుతున్నా, వినండి. నువ్వు ఆ పైథాన్ చూడు. ఆమెకి లాజిక్ బాగా వచ్చు, మొదటి నుంచి అ ఆలు చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది. గిట్ అనేది ఆమె పనిచేసిన రోజుల్లో లేదు, అది నువ్వు నేర్పాలి. ఇంటర్వ్యూలో ఇన్నేళ్లు ఏం చేశారని తప్పకుండా అడుగుతారు, తల దించుకోకుండా జవాబు చెప్పేలా నువ్వు రోజూ కూర్చోబెట్టి అడుగు. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా పిల్లాణ్ని నేను నా దగ్గర పడుకోబెట్టుకుంటాను. వాడు ఏడిస్తే మీలో ఎవరూ ఆమెని పిలవకండి, నన్ను పిలవండి.